ఉప్పు చాలక కాదు, తిండి అందక: ఒక బంబుల్‌బీ గోబీల ట్యాంక్ కేసు

"ఉప్పు వేసిన రోజు బానే ఉంటాయండి. మళ్లీ నాలుగైదు రోజులకి ఏదో ఒకటి పోతుంది. ఇంకొంచెం పెంచమంటారా?" ఈ కేసులో ట్యాంక్ యజమాని నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది. ఆవిడ అక్వేరియం పెంపకానికి కొత్తవారేమీ కాదు. గప్పీలు, డానియోలు ఆవిడ దగ్గర ఏళ్ల తరబడి పిల్లలు పెడుతున్నాయి. కొత్తగా తెచ్చిన బంబుల్‌బీ గోబీలు (పసుపు ఒంటి మీద నల్లపట్టీలుండే బుల్లి చేపలు) మాత్రం ఒక్కొక్కటే రాలిపోతున్నాయి. పన్నెండు తెస్తే నా దగ్గరికి వచ్చేసరికి ఏడు మిగిలాయి.

ట్యాంక్ సుమారు 60 లీటర్లు. మొక్కలున్నాయి, అడుగున సన్నటి ఇసుక, ఒక మూల చెక్కమొద్దు, ఒక స్పాంజ్ ఫిల్టర్. తిండి రోజుకు రెండుసార్లు, ఫ్లేక్స్, చిన్న పెల్లెట్లు. గోబీలు వచ్చాక మొదటి రెండు వారాలు ఏ ఇబ్బందీ లేదు. మూడో వారంలో ఒకటి చనిపోయింది. తెల్లమచ్చల జబ్బేమోనని ఆ మందు వేశారు. మరొకటి పోయింది. నీళ్లలో కలిపే యాంటీబయాటిక్ వేశారు. ఆ తర్వాత చేపలు నీటి పైకొచ్చి రొప్పడం మొదలుపెట్టాయి. "ఇవి ఉప్పునీటి చేపలు, మంచినీళ్లలో బతకవు" అని ఎవరో చెప్పగా వంటింటి ఉప్పు కలిపారు. రొప్పడం తగ్గింది. దాంతో ఉప్పే మందన్న నమ్మకం స్థిరపడిపోయింది. చావులు మాత్రం ఆగలేదు.

ఈ వరుసక్రమమే సగం రోగ నిర్ధారణ చేసి పెడుతుంది. నీళ్లలో విషం చేరితే చేపలన్నీ ఒకేసారి పోతాయి, గప్పీలు కూడా ఇబ్బంది పడతాయి. వేగంగా పాకే అంటువ్యాధి అయితే చావులు రోజురోజుకీ పెరుగుతాయి. ఇక్కడ అలా లేదు. తెచ్చిన కొన్ని వారాలకి మొదలై, రోజుల తేడాతో ఒకటీ ఒకటీ పోతున్నాయి, అదీ ఒకే రకం చేపలు. పక్కనే ఉన్న గప్పీలు బొద్దుగా ఉన్నాయి. ఇలాంటి కేసు వస్తే నేను మొదట అడిగేది ఏ మందు వేశారని కాదు, ఏం తింటున్నాయని. ఆవిడ జవాబు: "వేసినవి అయిపోతున్నాయండి." అయిపోతున్నాయి, నిజమే. తింటున్నది ఎవరన్నదే తేలాలి.

ఈ చేపల సంగతి కాస్త

బంబుల్‌బీ గోబీలు బ్రాకిగోబియస్ ప్రజాతివి (దగ్గరి జాతులన్నీ కలిసిన సమూహమే ప్రజాతి). డచ్ వైద్యుడు, చేపల శాస్త్రవేత్త పీటర్ బ్లీకర్ 1874లో ఈ ప్రజాతిని ఏర్పరిచారు. గంగానది చేపల మీద పనిచేసిన హామిల్టన్ 1822లోనే వర్ణించిన నూనస్ అనే జాతి ఇందులోనే ఉంది. మెకాంగ్ నదీ ప్రాంతపు మెకాంగెన్సిస్ 2000లో గానీ పుస్తకాలకెక్కలేదు. అది రెండు సెంటీమీటర్లు కూడా పెరగదు. మొత్తమ్మీద ఇవి భారతదేశం నుంచి ఆగ్నేయాసియా దాకా, నదులు సముద్రంలో కలిసే చోట, మడ అడవుల కాలువల్లో, కొన్ని జాతులైతే పూర్తి మంచినీటిలో బతుకుతాయి. పోటు వచ్చినప్పుడు ఉప్పు, పాటు తీసినప్పుడు చప్పన. ఆ హెచ్చుతగ్గులు వీటికి అలవాటే.

అమ్మకంలో దాదాపు ప్రతి డబ్బా మీదా 'జాంతోజోనస్' అన్న పేరే ఉంటుంది. ఆ పేరుగల అసలు చేప వీటికంటే పెద్దది, అమ్మకానికి రావడం చాలా అరుదు. పైగా వర్గీకరణ శాస్త్రవేత్తలు ఇప్పుడు దాన్ని హైపోజిమ్నోగోబియస్ అనే వేరే ప్రజాతిలో పెడుతున్నారు. మనకు దొరికేవి ఎక్కువగా డోరియే, లేదా 1958లో రాబర్ట్ ఇంగర్ వర్ణించిన సబానస్. ఈ రెండింటినీ పట్టీలు చూసి విడదీయడం కష్టం, ఎందుకంటే ఒకే గుంపులో కూడా పట్టీల ఆకారం మారుతుంది. పొలుసుల వరుసలు, రెక్కల ముళ్లు లెక్కపెట్టాలి. బతికున్న చేపతో అది అయ్యే పని కాదు. నేను జాతి తేల్చకుండానే పని మొదలుపెట్టాను. రెండింట్లో ఏదైనా చికిత్స ఒకటే.

చికిత్సకు అక్కరకొచ్చే విషయం వీటి శరీరంలోనే ఉంది. గోబీల పొట్టకింది రెండు రెక్కలు కలిసిపోయి చిన్న గిన్నెలా ఉంటాయి, వాటితో రాయినో కర్రనో అంటిపెట్టుకుని కూర్చుంటాయి. నీళ్ల మధ్యలో తేలుతూ ఈదే రకం కావు. కూర్చున్న చోటునుంచి గెంతి, ఎదురుగా కదిలే చిన్న పురుగునో రొయ్యపిల్లనో పట్టుకుని మళ్లీ కూర్చుంటాయి. కదలనిది వాటి కంటికి ఆహారం కాదు. చెరువులో ఇసకదొందుని గమనించినవాళ్లకి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు.

నీళ్లు చెప్పింది

ఉష్ణోగ్రత 26 డిగ్రీలు, పీహెచ్ 6.3, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) దాదాపు లేదు, నైట్రైట్ లీటరుకు 1 మిల్లీగ్రాము దరిదాపుల్లో, ఉప్పు సుమారు 2 పీపీటీ (లీటరుకు దాదాపు 2 గ్రాములు). ఇంత తక్కువ ఉప్పు దగ్గర, నీళ్లలో తేలుతూ ఉప్పుని చూపే హైడ్రోమీటర్‌ని నేను నమ్మను. గాజు మీద ఒక బుడగ అంటుకున్నా రీడింగ్ మారిపోతుంది. నీళ్లలోంచి విద్యుత్తు ఎంత పారుతుందో చూసే కండక్టివిటీ మీటర్‌తో కొలిచాను.

కొలతల్లో నా కన్ను ఆగింది నైట్రైట్ దగ్గర. చేపల వ్యర్థాల్లోంచి వచ్చే అమ్మోనియాని ముందు నైట్రైట్‌గా, ఆపై అంత హాని లేని నైట్రేట్‌గా మార్చేది ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియా; యాంటీబయాటిక్ దాన్ని కూడా దెబ్బతీసింది. దానికితోడు నీళ్లలో ఆల్కలినిటీ లేదు. 1 మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్ నైట్రేట్‌గా మారడానికి సుమారు 7 మిల్లీగ్రాముల ఆల్కలినిటీ ఖర్చవుతుంది. అది లేనిచోట మిగిలిన బ్యాక్టీరియా కూడా నత్తనడకే. నైట్రైట్ మొప్పల ద్వారా రక్తంలోకి చేరి, ఆక్సిజన్ మోసే శక్తిని తగ్గిస్తుంది. చేపలు పైకొచ్చి రొప్పింది అందుకే.

మరి ఉప్పు వేస్తే ఎందుకు తగ్గింది? నైట్రైట్, క్లోరైడ్ రెండూ మొప్పల్లో ఒకే దారిగుండా లోపలికి వెళ్తాయి. నీళ్లలో క్లోరైడ్ ఎక్కువుంటే నైట్రైట్‌కి చోటు దొరకదు. వంటింటి ఉప్పులో క్లోరైడ్ దండిగా ఉంది కాబట్టి రొప్పడం ఆగింది. ఆవిడ చూసినది భ్రమ కాదు, ఉప్పు నిజంగానే పనిచేసింది. కాకపోతే మందు వల్ల వచ్చిన నైట్రైట్ మీద పనిచేసింది. మొదటి చేపని చంపిన కారణం జోలికి వెళ్లలేదు. ఈ తేడాని ఆవిడకు వివరించడానికి నాకు చాలాసేపే పట్టింది. కళ్లారా చూసిన అనుభవాన్ని కొట్టిపారేస్తే ఎవరూ వినరు, వినకపోవడంలో తప్పూ లేదు.

ముందురోజు రాత్రి చనిపోయిన చేపని తడి టిష్యూలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టమన్నాను. ఫ్రీజర్‌లో పెడితే కణాలు పగిలి పరీక్షకు పనికిరావు. పైనుంచి చూస్తే చేప మేకులా ఉంది, తల వెడల్పు, వెనకంతా సన్నం. పొట్ట వెన్నుకి అంటుకుపోయింది. కోసి చూస్తే పేగు ఖాళీ, గాజుగొట్టంలా పారదర్శకంగా ఉంది. పేగు చుట్టూ కొవ్వు అన్నది లేదు. పిత్తాశయం మాత్రం ఉబ్బి, ముదురు ఆకుపచ్చగా ఉంది. చేప తింటే పైత్యరసం పేగులోకి దిగుతుంది. తినకపోతే ఆ సంచిలోనే పేరుకుంటుంది. అంతచిన్న చేపలో కంటికి కనిపించేంత పిత్తాశయం ఉందంటే, అది తిని చాలా రోజులైందని అర్థం.

మొప్పల తునకని, చర్మం మీది జిగురుని మైక్రోస్కోప్ కింద పెట్టాను. చెప్పుకోదగ్గ పరాన్నజీవులు లేవు. పేగులో పురుగులు, వాటి గుడ్లు కనపడలేదు. చేపల క్షయ కూడా ఇలాగే చిక్కి శల్యమయ్యేలా చేస్తుంది కాబట్టి మూత్రపిండం, ప్లీహాల స్మియర్‌కి (గాజుపలక మీద పూసిన నమూనాకి) క్షయ బ్యాక్టీరియాని చూపించే యాసిడ్ ఫాస్ట్ రంగు వేసి చూశాను. నెగెటివ్ వచ్చింది. ఒక్క చేపలో లేనంత మాత్రాన గుంపులో లేదని చెప్పలేం కాబట్టి క్షయని జాబితాలోంచి కొట్టెయ్యలేదు, అడుగుకి దించాను. బతికున్నవి తిండి అందాక కూడా చిక్కుతూనే ఉంటే మళ్లీ పైకి తెద్దామనుకున్నాను.

చివరి ముక్క వీడియోలో దొరికింది. ఫోన్‌ని ట్యాంక్ అడుగు మట్టానికి ఆనించి, తిండి వేసేటప్పుడు తీసి పంపమన్నాను. మన కళ్లు పైనే ఉంటాయి, అడుగున జరిగేది కనపడదు. వీడియోలో ఫ్లేక్స్ నీళ్ల మీద పడ్డ నిమిషంలోపే డానియోలు ఊడ్చేశాయి. తప్పించుకుని కిందకు వచ్చిన ఒక పెల్లెట్‌ని ఒక గోబీ చూసింది, దగ్గరికి గెంతింది. ఈలోగా పెల్లెట్ ఇసుక మీద కదలకుండా ఆగిపోయింది. గోబీ ముఖం తిప్పేసుకుంది. ఇంకోటి నోట్లోకి తీసుకుని ఉమ్మేసింది. చెక్కమొద్దు కింద ఉన్న పెద్ద మగచేప, దగ్గరికొచ్చిన ప్రతిదాన్నీ తరిమికొడుతోంది. ఆ వీడియో చూశాక ఆవిడ ఉప్పు గురించి మళ్లీ అడగలేదు. "అంటే ఇన్నాళ్లూ నా ముందే పస్తులున్నాయా?" అన్నారు.

చికిత్స

మందులన్నీ ఆపేశాం. గోబీలను 40 లీటర్ల వేరే ట్యాంక్‌లోకి మార్చాం. చాలాకాలంగా ఆరోగ్యంగా నడుస్తున్న ఇంకో ట్యాంక్ నుంచి స్పాంజ్ తెచ్చి ఇందులో పెట్టించాను, దాంతో బ్యాక్టీరియా మొదటిరోజు నుంచే పనిలో ఉంది. పాత ట్యాంక్‌లో నీళ్లు కొద్దికొద్దిగా మారుస్తూ, ఆల్కలినిటీ పెంచుతూ నైట్రైట్‌ని దించాం. అక్కడ గప్పీలు, డానియోలు క్షేమం.

కొత్త ట్యాంక్‌లో ఉప్పు 3 పీపీటీ, అంటే లీటరుకు దాదాపు 3 గ్రాములు. ఈసారి వంటింటి ఉప్పు కాదు, సముద్రపు చేపల ట్యాంకులకు వాడే మెరైన్ సాల్ట్. వంటింటి ఉప్పు అంటే సోడియం క్లోరైడ్, అంతే. మెరైన్ సాల్ట్‌లో కాల్షియం, మెగ్నీషియం, కార్బనేట్లు కూడా ఉంటాయి. పీహెచ్ 7.8 దగ్గర నిలబడింది.

"ఉప్పు కాదన్నారు, మళ్లీ మీరే వేయిస్తున్నారే" అని ఆవిడ నవ్వారు. ఈ 3 పీపీటీకి నా కారణాలు వేరు. మంచినీళ్లలో చేప ఒంట్లోని లవణాలు బయటకు కారిపోతుంటాయి, వాటిని తిరిగి లాక్కోవడానికి మొప్పలు ఎప్పుడూ పనిచేస్తూనే ఉండాలి. కాస్త ఉప్పు ఉంటే ఆ శ్రమ తగ్గుతుంది, బలహీనంగా ఉన్న చేపకి ఆ ఆదా పనికొస్తుంది. ఇది చిన్న కారణం. నాకు ముఖ్యమైనది రెండోది. నేను పెట్టబోయే తిండి అప్పుడే పొదిగిన ఆర్టీమియా పిల్లలు. అవి రొయ్యల్లాంటి బుల్లి ఉప్పునీటి జీవులు. మంచినీళ్లలో పడితే ఎక్కువసేపు బతకవు, చచ్చి కదలకుండా ఇసుకలో కలిసిపోతాయి. కదలనిదాన్ని గోబీ ముట్టదు. కొంచెం ఉప్పున్న నీళ్లలో అవే ఆర్టీమియాలు గంటల తరబడి ఈదుతూ ఉంటాయి. మెల్లగా, బెదురుగా తినే చేపకి గిన్నె ముందు అంతసేపు ఉంటుందన్నమాట. బంబుల్‌బీ గోబీలు ఉప్పు కలిపిన ట్యాంకుల్లో బాగా బతుకుతాయన్న మాటకి సగం కారణం ఇదేనని నా అభిప్రాయం.

తిండి పెట్టే పద్ధతి వివరంగా రాస్తాను, ఈ కేసు మొత్తం దానిమీదే నడిచింది కాబట్టి. ఆర్టీమియా గుడ్లని 28 డిగ్రీల ఉప్పునీటిలో, గాలి బాగా కొడుతూ, వెలుతురులో ఉంచితే ఒక రోజుకి పొదుగుతాయి. పొదిగిన పిల్ల అర మిల్లీమీటరు కూడా ఉండదు. దాని ఒంట్లో పచ్చసొన ఉన్న మొదటి కొద్ది గంటల్లోనే బలం ఎక్కువ. పొద్దున పొదిగినవి రాత్రికి పెడితే కడుపు నిండుతుంది కానీ ఒంటికి పట్టేది తక్కువ. గాలి ఆపి పాత్రని కాసేపు కదపకుండా ఉంచితే ఖాళీ పెంకులు పైకి తేలతాయి, పిల్లలు కిందకు చేరతాయి. కిందవాటినే సన్నటి గొట్టంతో తీసుకోవాలి. పెంకులు చిన్న చేపల పేగుకి అడ్డుపడతాయి. తీసినవాటిని సన్నటి జల్లెడలో మంచినీళ్లతో కడిగి పెట్టాలి.

ఇంకో కిటుకు వెలుతురు. ఆర్టీమియా పిల్లలు వెలుతురు వైపు పోతాయి. పైన లైటు వెలుగుతుంటే అన్నీ నీటి పైపొరలో గుమికూడతాయి, గోబీలు కింద నోళ్లు తెరుచుకు కూర్చుంటాయి. అందుకని తిండివేళ పై లైటు ఆర్పించి, ట్యాంక్ బయట అడుగు మూలన చిన్న టార్చ్ పెట్టించాను. కాసేపటికి ఆ మూలంతా ఆర్టీమియా. గోబీలు ఒక్కొక్కటిగా అక్కడికి చేరాయి.

చిక్కిపోయాయి కదా అని ఒక్కసారిగా గుమ్మరించకూడదు. ఎన్నాళ్లో పని లేకుండా ఉన్న పేగు అది. పైగా మిగిలిపోయినవి చచ్చి అమ్మోనియా అవుతాయి. రోజుకు నాలుగుసార్లు కొంచెం కొంచెంగా పెట్టి, రాత్రి పడుకోబోయే ముందు అడుగున మిగిలినవాటిని గొట్టంతో లాగేయమన్నాను. అవి తిన్నాయో లేదో ఊహించాల్సిన పని లేదు. ఆర్టీమియా తిన్న గోబీ పొట్ట పల్చటి చర్మంలోంచి నారింజ రంగులో కనిపిస్తుంది. ప్రతి పూటా పక్కనుంచి ఒక ఫోటో, పైనుంచి ఒక ఫోటో పంపమన్నాను. ఇంత చిన్న చేపల్ని తూకం వేయడం వాటిని హింసించడమే. ఆ ఫోటోలే నా తూకం.

ఏడింటిలో ఐదు త్వరగానే దారిలో పడ్డాయి. రెండు మాత్రం టార్చ్ దగ్గరికి కూడా రాలేదు. వాటిని అదే ట్యాంక్‌లో వేలాడే చిన్న జాలీ పెట్టెలో వేసి, ఎటు తిరిగినా ఆర్టీమియా కనిపించేంత చిక్కగా పెట్టించాను. ఒకటి తినడం మొదలుపెట్టింది. రెండోది చనిపోయింది. దాన్నీ కోసి చూశాను: అదే ఖాళీ పేగు, అదే పచ్చటి పిత్తాశయం, స్మియర్ మళ్లీ నెగెటివ్. కొన్ని చేపలు ఒక హద్దు దాటాక తిండి ముందున్నా తినలేవు. ఆ హద్దు ఎక్కడుందో బయటినుంచి చెప్పడం కష్టం.

ఇక పెద్ద మగచేప దౌర్జన్యం. గోబీ మగవి తమ గుహ చుట్టూ కొంత మేర ఏలుకుంటాయి. ఒకే చెక్కమొద్దు ఉన్న ట్యాంక్‌లో దాన్ని పట్టినదే రాజు. కొత్త ట్యాంక్‌లో ఖాళీ నత్తగుల్లలు, పొట్టి పైపు ముక్కలు చేపల సంఖ్యకంటే ఎక్కువే వేయించి, ఒకదానిలోంచి ఇంకోటి కనపడకుండా మధ్యలో రాళ్లు నిలబెట్టించాను. తరమడం పూర్తిగా పోలేదు, ఎవరి చోటు వారికి దొరికింది. గుంపు మరీ చిన్నదైతే దెబ్బలన్నీ ఒకటి రెండింటి మీదే పడతాయి కాబట్టి, ఆరుకంటే తక్కువ పెంచమని నేను ఎవరికీ చెప్పను.

పొట్టలు నిండాక ఆర్టీమియాతో పాటు గ్రిండల్ పురుగులు (సన్నటి తెల్లటి పురుగులు) మొదలుపెట్టాం. అవి అడుగుకి చేరి అక్కడే మెలికలు తిరుగుతుంటాయి, అడుగున కూర్చునే చేపకి అంతకంటే అనువైన తిండి లేదు. కొవ్వు ఎక్కువ కాబట్టి రోజూ పెట్టకూడదు. ట్యూబిఫెక్స్ వద్దన్నాను. మురికి నీళ్లలో పెరిగే ఆ పురుగులతో ఏ రోగం వస్తుందో చెప్పలేం. రోజూ గుడ్లు పొదిగించడం ఎవరికైనా భారమే కాబట్టి, ఫ్రోజెన్ డాఫ్నియా, సైక్లాప్స్ (గడ్డకట్టించిన బుల్లి నీటిజీవులు) అలవాటు చేసే ప్రయత్నం కూడా చేశాం. బతికున్నవాటితో కలిపి డ్రాపర్‌తో ముఖం ముందు మెల్లగా వదిలితే, నీటి కదలికలో అవి కూడా ప్రాణమున్నట్టే కనిపిస్తాయి. నాలుగు చేపలు పట్టుకున్నాయి, రెండు ఇప్పటికీ పట్టుకోవు. పెల్లెట్ల జోలికి ఏదీ పోలేదు, పోతుందని నేను అనుకోనూ లేదు.

ఆ తర్వాత

పసుపు రంగు చిక్కబడింది, నల్లపట్టీల అంచులు తేటపడ్డాయి. కొన్నాళ్లకి ఒక ఆడచేప పొట్ట గుండ్రంగా ఉబ్బిందని ఆవిడ కంగారుగా ఫోన్ చేశారు, జలోదరమేమోనని టెన్షన్. ఫోటోలో పొలుసులు నిక్కబొడుచుకోలేదు, చేప చురుగ్గా తింటోంది, చర్మంలోంచి గుడ్లు లేత పసుపుగా కనిపిస్తున్నాయి. అలాగే వదిలేయమన్నాను. ఆ వారమే ఒక పైపు ముక్క లోపలి కప్పుకి గుడ్లు అంటించి కనిపించాయి. మగచేప ముందు కూర్చుని రెక్కలతో నీళ్లు విసురుతోంది. అన్ని చేపల్నీ తరిమిన ఆ పెద్దదే.

మొదటి విడత లార్వాలు దక్కలేదు. ఈ గోబీల లార్వాలు పొదగ్గానే అడుగున ఉండవు, నీటి మధ్యలో కొట్టుకుపోతుంటాయి. వాటి నోటికి ఆర్టీమియా పిల్ల కూడా పెద్దదే. అంతకంటే చిన్నవైన రోటిఫర్లు అనే సూక్ష్మజీవులు కావాలి, అవి సిద్ధంగా లేవు. తర్వాతి విడతకి ముందే ఉప్పు రోటిఫర్ల కల్చర్ పెట్టించాను. గుడ్లలో కళ్లు నల్లగా కనపడగానే పైపు ముక్కని అదే ఉప్పున్న వేరే గిన్నెలోకి మార్చి, సన్నటి గాలిబుడగలు వదిలాం. ఈసారి కొన్ని అడుగుకి దిగి కూర్చునే దశ దాటాయి. అక్కడినుంచి ఆర్టీమియా తినగలిగాయి.

ఇప్పుడున్న ఆరు పెద్దచేపల్నీ మళ్లీ గప్పీల ట్యాంక్‌లో కలపొచ్చా అని ఆవిడ అడిగారు. వద్దన్నాను. గప్పీలకి ఆ ఉప్పు ఇబ్బంది కాదు, కానీ గోబీ ఒక గెంతు వేసేలోపు గప్పీ తిండి మింగేస్తుంది. కొత్తగా ఇంకొన్ని గోబీలు చేర్చే ఆలోచన కూడా ఉంది. వాటిని వేరే ట్యాంక్‌లో ఉంచి, ఒక్కో దాని పొట్టలో నారింజ రంగు వరుసగా కొన్నాళ్లు చూశాకే కలపమన్నాను. చనిపోయిన రెండు చేపల కళేబరాలు ఆల్కహాల్‌లో నా దగ్గరే ఉన్నాయి. పొలుసులు లెక్కపెట్టి డోరియేనో సబానసో తేల్చే పని ఇంకా మిగిలింది.